సీజన్ ఉత్తమ జత షీల్డు ఎవరికి? అడుగులు కాదు, ఎదురుపడ్డ జతల్ని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కొండపి, టంగుటూరు వైపు కొన్ని ఊళ్ళ తిరునాళ్ళ కమిటీలు కలిసి, ఎడ్ల బండలాగుడు పోటీల్లో సీనియర్స్ విభాగానికి ఈ ఏడాది నుంచి ‘సీజన్ ఉత్తమ జత’ అని ఒక షీల్డు పెట్టాయి. సంక్రాంతి నుంచి మే నెల దాకా జరిగిన పోటీలన్నీ లెక్కలోకి తీసుకున్నారు. చివరికి రెండు జతలు మిగిలాయి. మొదటి జత 12 పోటీలకు వచ్చి 7 చోట్ల మొదటి బహుమతి, 3 చోట్ల రెండో బహుమతి తీసుకుంది. రెండో జత 4 పోటీలకే వచ్చింది, నాలుగూ గెలిచింది. సీజన్లో అందరికన్నా ఎక్కువ దూరం లాగిందీ అదే, 20 నిమిషాల్లో 3,260 అడుగులు. అదే బరువు బండతో, అదే సమయంలో మొదటి జత లాగిన అత్యధిక దూరం 3,190. రెండూ ఎదురుపడింది ఒక్కసారే, ఏప్రిల్లో. ఆ రోజు 2,910కి 2,865, రెండో జతే గెలిచింది. ఇప్పుడు కమిటీ రెండుగా చీలి కూర్చుంది, ఎవరికివ్వాలో చెప్పమన్నారు.

నా ఓటు మొదటి జతకే. అయితే ఏడు ఫస్టులు వచ్చాయని కాదు. ఆ లెక్క మీద ఇస్తే వచ్చే ఏడాది మీరే ఇబ్బంది పడతారు. ఎందుకో వివరంగా రాస్తాను.

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఒంగోలు చుట్టుపక్కల తిరునాళ్ళలో ఎడ్ల పళ్ళు చూసి విభాగం తేల్చడం, పోటీకి పనికొస్తాయో లేదో చెప్పడం, జడ్జీల బల్ల దగ్గర కూర్చోవడం చాలా ఏళ్ళు చేశాను. ఇక్కడ రాసేదంతా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

ముందు అడుగుల సంగతి. జనం నోట్లో నానేది అదే కాబట్టి. 3,260 అన్న అంకె మైకులో వినపడగానే ఈలలు పడతాయి, మర్నాటికి ఫోన్లన్నిటికీ వీడియో చేరుతుంది. కానీ వేరు వేరు ఊళ్ళలో లాగిన అడుగుల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. బండ బరువు, సమయం ఒకటే అయినా సరే.

మీరు పంపిన పట్టిక చూడండి. 3,260 వచ్చిన ఊళ్ళో బరి, అంటే జత అటూ ఇటూ బండ లాగే దారి, పొడవు 300 అడుగులు. 3,190 వచ్చిన ఊళ్ళో 250. మొదటిచోట 3,260 అడుగులకు జత పది సార్లు బండను తిప్పుకుంటే సరిపోయింది. రెండోచోట 3,190కి పన్నెండు సార్లు తిప్పాలి. మంచి తోలకం తెలిసిన మనిషైనా ఒక్కో తిప్పుడుకి పది, పన్నెండు సెకన్లు పడుతుంది. ఎడ్లు కుదురుగా నిలబడాలి, గొలుసు సర్దుకోవాలి, ఆగిన బండను మళ్ళీ కదిలించాలి. కదిలిన బండను లాగడం కన్నా ఆగిన బండను కదిలించడానికే ఎక్కువ బలం కావాలని ఎడ్లు తోలిన ప్రతివాడికీ తెలుసు. పన్నెండు సెకన్ల చొప్పున రెండు తిప్పుళ్ళు అంటే 24 సెకన్లు. ఆ జత నడక సెకనుకి మూడడుగులు వేసుకుంటే 72 అడుగులు అక్కడే పోయాయి. 3,190కి అవి కలిపితే 3,262. అంటే మీరు ‘రికార్డు’ అంటున్న 70 అడుగుల తేడా, ఆ రెండు తిప్పుళ్ళలో సరిపోయింది.

ఇంకా నేల సంగతే ఎత్తలేదు. ఎర్ర గరువు నేలలో పొద్దున మొదటి రెండు మూడు జతలు లాగేసరికి పైపొర నలిగి బండ కింద సాలు పడుతుంది, తర్వాత వచ్చే జతలకు బండ కాస్త సులువుగా జారుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న నేలలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, లాగేకొద్దీ బండ ముందు ఇసుక పోగుపడుతుంది. నల్లరేగడిలో తడి సరిపోతే నేల గట్టిగా ఉంటుంది, కొంచెం ఎక్కువైతే బండను అంటుకుంటుంది. ఒకే రోజు, ఒకే బరిలో, ట్యాంకరుతో నీళ్ళు చల్లకముందు లాగిన జతకీ చల్లాక లాగిన జతకీ తేడా రావడం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు ఒక మండలంలో ఫిబ్రవరిలో లాగిన దూరాన్ని ఇంకో మండలంలో మే నెలలో లాగిన దూరంతో ఎలా కొలుస్తాం? రికార్డు అన్నది ఆ ఊరి బరి వరకే. దాన్ని ఆ ఊరి కమిటీ బోర్డు మీద రాసుకోవచ్చు, సీజన్ షీల్డుకి మాత్రం పనికిరాదు.

మరి దేన్ని చూడాలి? ఎవరిని ఓడించింది, ఎన్నిసార్లు ఓడించింది, ఎలాంటి పరిస్థితిలో ఓడించింది. గుర్రప్పందేలవాళ్ళు ఈ పద్ధతికి ఎప్పుడో వచ్చేశారు. అక్కడ హ్యాండీక్యాపర్ అని ఒక అధికారి ఉంటాడు. ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ అంకె ఇస్తాడు. పందెం పందేనికీ దాన్ని మారుస్తాడు. గడియారంలో సమయాన్ని కాదు, ఏ గుర్రం ఏ గుర్రం కన్నా ఎంత ముందు వచ్చింది, ఏది ఎంత బరువు మోసింది అన్నదాన్నే ప్రధానంగా చూస్తాడు. ఎందుకంటే వానకి తడిసిన ట్రాకు మీద ఎంత గొప్ప గుర్రానికైనా సమయం పెరుగుతుంది. ఎదురుపడని రెండు గుర్రాలను కూడా, వాటితో పోటీపడిన మూడో గుర్రాన్ని బట్టి అంచనా వేస్తాడు. చదువుకునే రోజుల్లో మద్రాసు గిండీ రేస్‌కోర్సుకి వెళ్ళి ఈ లెక్కలు తెలుసుకున్నాను. పందెం కాయడానికి వెళ్ళలేదు, గుర్రాల కాళ్ళు చూడ్డానికి వెళ్ళాను. తర్వాత ఇక్కడ ఎడ్ల పోటీల్లో ఆ పద్ధతే చాలా అక్కరకొచ్చింది.

దాన్ని మీ పట్టిక మీద పెట్టి చూద్దాం. పర్చూరు వైపు నుంచి వచ్చే జత ఒకటి ఉందని రాశారు, దాన్ని మూడో జత అందాం. మొదటి జత దానితో ఐదుసార్లు తలపడి నాలుగుసార్లు గెలిచింది. రెండో జత దానితో ఒక్కసారే తలపడి, 20 అడుగులతో బయటపడింది. మొదటి జత గెలిచిన ఏడు పోటీల్లో ఐదింటికి ఈ సీజన్ మొదటి ఆరు జతల్లో కనీసం రెండు వచ్చాయి. రెండో జత గెలిచిన నాలుగింట్లో అలాంటివి రెండే. మిగతా రెండు పోటీలకు మొత్తం వచ్చినవే నాలుగేసి జతలు. ఇందులో రెండో జతను తక్కువ చేస్తున్నది ఏమీ లేదు, దాని బలం నేను కాదనను. కానీ బలం ఉండటం వేరు, సీజన్ పొడుగునా గట్టి జతల ముందు దాన్ని రుజువు చేసుకోవడం వేరు. షీల్డు మీద ‘సీజన్’ అని రాస్తున్నారు కదా.

మీవాళ్ళు గట్టిగా పట్టుకున్న వాదం, ‘ఎదురుపడ్డప్పుడు ఓడిపోయిన జతకి షీల్డెలా ఇస్తారు?’ అన్నది. న్యాయమైన ప్రశ్నే. ఆ రోజు బహుమతి రెండో జతదే, దాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. కానీ మీరే రాశారు, చీటీల్లో రెండో జతకి పొద్దున ఎనిమిది గంటల వరస వచ్చింది, మొదటి జతకి మధ్యాహ్నం పన్నెండున్నర. ఏప్రిల్లో మన దగ్గర ఆ రెండు వేళలకీ మధ్య ఎంత తేడా ఉంటుందో మనుషులకే తెలుస్తుంది, బండ కట్టిన ఎద్దుకి ఇంకెంతో! ఒంగోలు జాతికి తెల్లటి వెంట్రుక, దాని కింద నల్లటి చర్మం ఉండి ఎండ తట్టుకునే గుణం ఎక్కువే. అయితే అది నీడన నిలబడ్డప్పుడు, మామూలు పని చేసేటప్పుడు మాట. ఇరవై నిమిషాలు పూర్తి బలంతో లాగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవాలి. బయట గాలే సెగలా ఉంటే పోదు. పశువు మామూలు ఉష్ణోగ్రత సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్. మధ్యాహ్నం లాగి వచ్చిన ఎద్దుకి థర్మామీటర్ పెడితే అంకె ఎక్కడిదాకా పోతుందో, అది దిగడానికి ఎంతసేపు పడుతుందో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఆ వరసలో వచ్చి 2,865 లాగడం చిన్న విషయం కాదు. 45 అడుగులంటే మొత్తం దూరంలో రెండు శాతం కూడా లేదు. రెండు జతలూ మూడుసార్లు ఎదురుపడి మూడుసార్లూ రెండో జతే గెలిచి ఉంటే, నా ఓటు మారు మాట్లాడకుండా దానికే పడేది. ఒక్క పోటీ, అదీ ఇంత తేడా ఉన్న వరసల్లో జరిగింది, ఐదు నెలల లెక్కను తిప్పెయ్యలేదు.

ఇలాంటి పేచీ పెద్ద పెద్ద చోట్లా వచ్చింది. అమెరికాలో గుర్రప్పందేలకు 1971 నుంచి ఎక్లిప్స్ అవార్డులు ఇస్తున్నారు. వాటిలో ‘హార్స్ ఆఫ్ ది ఇయర్’ అన్నది అన్నిటికన్నా పెద్దది. 2009లో రెండు ఆడగుర్రాలు, రేచెల్ అలెగ్జాండ్రా, జెన్యాటా. రెండూ ఆ ఏడాది ఒక్క పందెం కూడా ఓడలేదు. రేచెల్ ఎనిమిదికి ఎనిమిది గెలిచింది. ఏడు వేర్వేరు ట్రాకుల మీద పరిగెత్తి, మూడుసార్లు మగగుర్రాలను ఓడించింది. జెన్యాటా ఐదుకి ఐదు. ఐదూ తను ఉండే కాలిఫోర్నియా రాష్ట్రంలోనే. కానీ చివరిది బ్రీడర్స్ కప్ క్లాసిక్. ఏడాదిలోకెల్లా గట్టి పోటీ. దాన్ని ఒక ఆడగుర్రం గెలవడం అదే మొదలు. రెండూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. ఆ క్లాసిక్ జరిగిన ట్రాకు మట్టిది కాదు, కృత్రిమంగా పరిచింది. దాని మీద మా గుర్రాన్ని పరిగెత్తించం అని రేచెల్ యజమాని ముందే తేల్చి చెప్పేశాడు. చూశారా, అక్కడా నేల గొడవే! చివరికి ఓట్లు 130కి 99, రేచెల్‌కి ఇచ్చారు. నా మట్టుకు అది సరైన తీర్పు. ఊరూరా తిరిగి, తనకి అలవాటు లేని నేలల మీద, తన కన్నా బలమైనవాటితో తలపడి గెలిచింది కాబట్టి.

మరుసటి ఏడాది కథ ఇంకా మీకు దగ్గర. 2010 బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో బ్లేమ్ అనే మగగుర్రం జెన్యాటాను తలంత తేడాతో ఓడించింది. జెన్యాటా జీవితంలో 20 పందేల్లో ఓడింది అదొక్కటే. అయినా ఆ ఏడాది అవార్డు జెన్యాటాకే ఇచ్చారు, 128కి 102. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఎదురుపడ్డప్పుడు ఓడింది కాబట్టి అని కాదు. ఆ ఏడాది మొత్తం చూస్తే బ్లేమ్ ఓడించిన గుర్రాలు గట్టివి, జెన్యాటా అంతకుముందు గెలిచిన ఐదు పందేల్లో ఎదురొచ్చినవి అంత గట్టివి కావు. జనానికి జెన్యాటా మీద ఉన్న ప్రేమ, పోయినేడాది దానికి అవార్డు దక్కలేదన్న బాధ, రెండూ కలిసి ఓట్లయ్యాయి. పోయినేడాది బాకీ ఈ ఏడాది షీల్డుతో తీర్చకండి. మీ కమిటీలో ఒకరు ‘మొదటి జతకి రెండేళ్ళుగా ఏమీ రాలేదు, పాపం’ అన్నారని రాశారు. నా ఓటూ ఆ జతకే అయినా, ఆ కారణం మాత్రం నాకు పనికిరాదు.

తక్కువ పోటీలకు వచ్చిన జతకి ఎప్పుడూ ఇవ్వకూడదా? అలా కాదు. ఫ్లైట్‌లైన్ అనే గుర్రం 2022లో పరిగెత్తింది మూడే మూడు పందేలు, అయినా ఆ ఏడాది అవార్డు దానిదే. నేనైనా దానికే ఇచ్చేవాణ్ణి. పసిఫిక్ క్లాసిక్ పందెం‌లో రెండో గుర్రానికీ దానికీ మధ్య 19 గుర్రాల పొడవుకు పైగా ఎడం ఉంది. ఏడాది చివర అందరికన్నా గట్టి గుర్రాలు చేరిన బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో ఎనిమిది గుర్రాల పొడవు దాటి గెలిచింది. వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్చలేదు. మీ రెండో జత నాలుగింట్లోనూ గట్టి జతల మీద రెండేసి, మూడేసి వందల అడుగుల తేడాతో గెలిచి ఉంటే నేనూ ఇలా రాసేవాణ్ణి కాదు. దాని తేడాలు 45, 20.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన విషయాలు. ఇవి ఈ ఏడాది కన్నా వచ్చే ఏడాదికి ఎక్కువ అవసరం.

జత అంటే రెండు ఎడ్లు, యజమాని కాదు. ఒకసారి ఒక పెద్ద యజమాని జతలో వెలపటి (కుడివైపు) ఎద్దుకి ఫిబ్రవరిలో గిట్ట దెబ్బతింది. దాని స్థానంలో ఇంకొకరి ఎద్దును కట్టి, అదే పేరుతో మిగతా సీజన్ అంతా తోలారు. గెలుపులన్నీ కలిపి యజమాని పేరున రాశారు. ఆ కొత్త ఎద్దు లేకపోతే ఆ బహుమతుల్లో సగం వచ్చేవి కావని బరి చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. కంబైండ్ జతలు మన దగ్గర మామూలే, ఒకరి ఎద్దు ఇంకొకరి ఎద్దుతో కలపడం తప్పేమీ కాదు. కానీ సీజన్ లెక్కలో అది వేరే జత. మీ మొదటి జత కూడా ఒక పోటీలో దాపటి (ఎడమవైపు) ఎద్దును మార్చిందని చివర్లో రాశారు. ఆ పోటీని లెక్కలోంచి తీసెయ్యండి. ఏడు ఫస్టులు ఆరవుతాయి, నా మాట మారదు. మార్చింది మూడు నాలుగు పోటీల్లో అయితే మళ్ళీ ఆలోచించాల్సి వచ్చేది. ఇది పట్టుకోవడం కష్టమేమీ కాదు. చెవికి వేసే పసుపు ట్యాగు మీద 12 అంకెల నంబరు ఉంటుంది. పోటీకి పేరు రాసుకునేటప్పుడు రెండు ఎడ్ల నంబర్లూ రిజిస్టర్లో రాయించండి, ముఖం, కొమ్ములు కనపడేలా ఫోన్‌తో ఒక ఫొటో తీయించండి. పేచీ అక్కడే తెగుతుంది.

వచ్చే ఏడాది నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలకూ, అంటే పళ్ళను బట్టి వయసు లెక్కేసే విభాగాలకూ, షీల్డు పెడతామన్నారు. అప్పుడు మీకు అసలు టెన్షన్ మొదలవుతుంది. పశువుకి పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే. కిందిదవడ ముందు పళ్ళు ఎనిమిది. పాలపళ్ళు ఊడి వాటి చోట పెద్ద పళ్ళు జత జతగా వస్తాయి. మధ్య జత రెండు, రెండున్నరేళ్ళకి, దాని పక్క జత మూడేళ్ళకి అటూఇటుగా, మూడో జత మూడున్నర నుంచి నాలుగేళ్ళకి, చివరి జత నాలుగున్నర, ఐదేళ్ళకి. మేపును బట్టి, పశువును బట్టి కొన్ని నెలల తేడా ఉంటుంది.

చూసే పద్ధతి ఒకటి చెప్తాను, మీ కుర్రాళ్ళకి నేర్పండి. ముకుతాడు ఎడమచేత్తో దగ్గరగా పట్టుకోవాలి. కుడిచెయ్యి బొటనవేలు నోటి మూల పళ్ళు లేని చోట లోపలికి పోనిచ్చి, మిగతా వేళ్ళతో కింది పెదవిని మెల్లగా కిందికి వంచాలి. కేకలు పెట్టి నలుగురు తల పట్టుకుంటే ఎద్దు నోరు బిగిస్తుంది, అలా చేయొద్దు. పాలపన్ను చిన్నగా, తెల్లగా, మొదట్లో సన్నబడి ఉంటుంది. పెద్ద పన్ను వెడల్పుగా, కొంచెం పసుపు తిరిగి, మీద నిలువు గీతలతో ఉంటుంది. తగువంతా మూడో జత పళ్ళ దగ్గరే వస్తుంది. యజమాని ‘ఇంకా రాలేదండీ, చిగురే’ అంటాడు. వేలితో రాస్తే చిగురు పైన పన్ను అంచు గరుకుగా తగులుతుంది. తగిలితే వచ్చినట్టే. ఒక పక్క వచ్చి ఇంకో పక్క రాకపోతే వచ్చినట్టే లెక్కేయాలని నేను ఎప్పుడూ చెప్పేవాణ్ణి. కొన్ని కమిటీలు రెండూ వస్తేనే లెక్క అంటాయి. ఏదైనా పర్వాలేదు, కానీ సీజన్ మొదలవక ముందే రాసిపెట్టుకోండి.

చిక్కు ఎక్కడంటే, సంక్రాంతికి నాలుగు పళ్ళున్న ఎద్దుకి ఉగాది నాటికి మూడో జత పళ్ళు వచ్చేయొచ్చు. అప్పటిదాకా నాలుగు పళ్ళ విభాగంలో గెలిచినవి ఏమవుతాయి? ఏ పోటీ నాడు ఉన్న పళ్ళు ఆ పోటీకి. గెలిచిన పాయింట్లు ఏ విభాగంలో వస్తే ఆ విభాగంలోనే ఉంటాయి. ఒక విభాగంలో షీల్డుకి నిలబడాలంటే అందులో కనీసం నాలుగు పోటీలు లాగి ఉండాలి. ఇంతకన్నా తేలిక దారి నాకు కనపడలేదు.

ఎన్ని పోటీలకు వెళ్ళినా, మంచివి ఆరు మాత్రమే లెక్క వేయండి. ఇది నేను ప్రాధేయపడి అడుగుతున్నాను. మీ మొదటి జత 12 పోటీలు లాగింది. ఐదు నెలల్లో 12 అంటే సగటున పన్నెండు, పదమూడు రోజులకొకటి. మంచి యజమాని కాబట్టి మధ్యలో విశ్రాంతి ఇచ్చి ఉంటాడు. కానీ మొత్తం ఫస్టుల లెక్క మీద షీల్డిస్తారని తెలిస్తే వచ్చే ఏడాది ఎవరో ఒకరు ఆదివారం ఒక ఊరు, బుధవారం ఇంకో ఊరు తిప్పుతారు. లారీ ప్రయాణం, కొత్త నీళ్ళు, నిద్రలేమి, మళ్ళీ బండ. అలాంటి ఎడ్లు మార్చి నాటికి ఎలా ఉంటాయో నాకు తెలుసు. కాడి కింద మెడ వాచి వేడిగా ఉంటుంది. మీద చెయ్యి వేస్తే ఎద్దు పక్కకి జరుగుతుంది. ముందు గిట్టల చీలికలో గరుసు ఇరుక్కుని పుండవుతుంది. లాగి వచ్చాక నాలుక బయటపెట్టి రొప్పుతూ, నీళ్ళ తొట్టి ముందున్నా తాగదు. ఆ స్థితిలో యజమాని నా ముఖంలోకి చూస్తూ ‘ఇంకొక్క పోటీ డాక్టరుగారూ’ అనేవాడు. ఆరింటి నియమం ఉంటే ఆ ఇంకొక్క పోటీ అవసరం ఉండదు.

మరొకటి, ముల్లుగర్రతో పొడిచినా, తోక మెలిపెట్టినా, కరెంటు షాక్ పెట్టినా, ఏదైనా తాగించినా ఆ పోటీలోంచి తీసెయ్యడమే కాదు, ఆ సీజన్ షీల్డుకే పనికిరాదని రాయండి. ఇది మీ ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచీ ఉంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల బండ్ల పందేలు కూడదంది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను సమర్థించిందంటే, వాటి కింద పెట్టిన నిబంధనలతో పశువుకి కలిగే బాధ చాలావరకు తగ్గుతుందని ఒప్పుకోవడం వల్లనే. పశువును హింసించే పోటీని ఏ తీర్పూ కాపాడదు. ఒక తిరునాళ్ళలో మొదటి స్థానంలో ఉన్న జత వెనక తొడల మీద గుచ్చిన గుర్తులు కనిపిస్తే మేం ఆ జతను పక్కన పెట్టాం. ఊళ్ళో పెద్ద గొడవైంది. ఆ కమిటీ పెద్దాయన ఒక్కడే బల్ల దగ్గర నిలబడి మా మాట నిలబెట్టాడు. మీ కమిటీలో అలాంటివాళ్ళు ఒకరిద్దరైనా ఉండేలా చూసుకోండి.

ఎద్దు అందం, మూపురం, గంగడోలు చూసి మార్కులు వేయాలని ఒకరన్నారట. అది వేరే పోటీ. మన ఒంగోలు జాతి అందానికి ప్రపంచమే మార్కులేసింది. మన నెల్లూరు పేరు పెట్టుకున్న బ్రెజిల్ నెలోర్ జాతిలో వియాటినా-19 అనే ఆవు 1,101 కిలోల బరువుతో, 40 లక్షల డాలర్లు దాటిన ధరతో గిన్నిస్ బుక్‌కి ఎక్కింది. వాటి పూర్వీకులు ఇక్కడి నుంచి వెళ్ళినవే, ఒంగోలు దగ్గరి మన కరవది ఊరి పేరుతోనే ఒక ఆబోతు అక్కడ ప్రసిద్ధి. అందాల పోటీ విడిగా పెట్టండి, నేనూ వచ్చి చూస్తాను. బండ లాగిన దానికి బండ లాగిన లెక్కే.

ఓటింగ్ ఎలా పెట్టాలని కూడా అడిగారు. యూరప్‌లో గుర్రప్పందేలకు 1991 నుంచి ఇచ్చే కార్టియర్ అవార్డులకు ఒక పద్ధతి పెట్టుకున్నారు, పందేల్లో వచ్చిన పాయింట్లకు 30 శాతం, పందేల గురించి రాసే విలేకరుల ఓట్లకు 35, పత్రికల పాఠకుల ఓట్లకు 35. మన దగ్గర జనం ఓటు పెట్టకండి. ఏ ఊరి జతకి ఆ ఊరు వేస్తుంది, పెద్ద ఊరు గెలుస్తుంది. పాయింట్లకు 60, జడ్జీలకు 40 పెట్టండి. పాయింట్లు మొదటి స్థానానికి 5, రెండుకి 3, మూడుకి 1 చాలు. ఆ పోటీకి సీజన్ మొదటి ఆరు జతల్లో మూడు అంతకన్నా ఎక్కువ వస్తే గెలిచిన జతకి ఇంకో 2 కలపండి. జడ్జీలు ముగ్గురుండాలి, వాళ్ళకి గానీ దగ్గరి చుట్టాలకి గానీ ఆ సీజన్లో జత ఉండకూడదు. ముగ్గురూ విడివిడిగా కాగితం మీద కారణం రాసి ఇవ్వాలి. కారణం రాయాల్సి వచ్చేసరికి చాలామంది ఓటు తిన్నగా ఉంటుంది. షీల్డుకి డబ్బిచ్చిన దాత జత పోటీలో ఉంటే ఆ దాతను బల్ల దగ్గరికి రానివ్వకండి, సన్మానం వేరే రోజు చేయండి.

ఈసారి నియమాలు ముందు రాసుకోలేదు కాబట్టి ఎవరికిచ్చినా రెండోవాళ్ళు బాధపడతారు. షీల్డు ప్రకటించే ముందే మీలో ఇద్దరు రెండో జత యజమాని ఇంటికి వెళ్ళండి. ఫోన్‌లో చెప్పొద్దు. పట్టిక ముందు పెట్టి, 300 అడుగుల బరి, 250 అడుగుల బరి లెక్క ఆయన చేతే వేయించండి. ఏప్రిల్ పోటీలో గెలిచింది ఆయనే అని ప్రకటనలో స్పష్టంగా రాయండి. వచ్చే సీజన్లో ఈ రెండు జతలూ కనీసం మూడుసార్లు ఎదురుపడేలా, అదీ పొద్దున పదిలోపు ఒకదాని వెంట ఒకటి లాగేలా మీ కమిటీలు తేదీలు సర్దగలవేమో అడగండి. ఆయన కూడా అదే కోరుకుంటాడని నా నమ్మకం. మిగతా పోటీల బరి పొడవులు, వరస సమయాలు కూడా పంపితే ఆరింటి లెక్క నేనే వేసి పెడతాను.